గాజు పళ్లెంలో ఆగిన వైరస్ ఒంట్లో ఎందుకు ఆగదు?

2020 జనవరి 31 రాత్రి చైనాలో మందుల షాపుల ముందు జనం బారులు తీరారు. వాళ్లకు కావలసింది షువాంగ్‌హువాంగ్‌లియాన్ అనే మూలికా ద్రావణం. మూడు మొక్కల సారాలు కలిపి చేసే మందు అది. అంతకు కొన్ని గంటల ముందు ఒక వార్త వచ్చింది: ఈ ద్రావణం కొత్త కరోనావైరస్‌ను అడ్డుకుంటుందని పరిశోధకులు గుర్తించారట. ఆ రాత్రే చాలాచోట్ల సరుకు అయిపోయింది. అడ్డుకోవడం వేరు, జబ్బు రాకుండా ఆపడమో నయం చేయడమో వేరు అని మర్నాడు పీపుల్స్ డైలీ పత్రిక వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

వార్త అబద్ధం కాదు. ఆ మూడు మొక్కల్లో ఒకటైన స్కుటెల్లేరియా బైకాలెన్సిస్ వేరులో బైకలీన్ అనే పదార్థం ఉంది. వైరస్‌కు అత్యవసరమైన ఒక ఎంజైమును అది ఆపగలదని ఆ తర్వాత అచ్చయిన ఫలితాలు కూడా చూపించాయి. చిక్కంతా ‘అడ్డుకుంటుంది’ అన్న క్రియతోనే. ఆ వాక్యంలో కర్త ఉంది, కర్మ ఉంది. ఎంత గాఢతలో అన్నది లేదు, ఎక్కడ అన్నది లేదు. పసుపు, అతిమధురం, నేలవేము, గ్రీన్ టీ... దేని గురించి ఇలాంటి వార్త వచ్చినా తేలాల్సినవి ఈ రెండే.

మొక్కల్లోనే ఎందుకు వెతుకుతారు

మొక్క పారిపోలేదు. పురుగు కొరికినా, బూజు పట్టినా, ఎండ మాడ్చినా నిలబడ్డ చోటే కాచుకోవాలి. అందుకు అది రకరకాల రసాయనాలను తయారుచేసుకుంటుంది: ఆల్కలాయిడ్లు, ఫ్లేవనాయిడ్లు, టెర్పీన్లు. వీటిలో చాలావాటి పని, పరాయి జీవి ప్రొటీనుకు అతుక్కుని దాని పని చెడగొట్టడమే. మందు చేసే పనీ అదే కాబట్టి వెతుకులాట ఇక్కడ మొదలవడంలో వింత లేదు.

చరిత్ర కూడా ఆశపెట్టేలాగే ఉంది. సింకోనా చెట్టు బెరడు నుంచి పెలెటియే, కావెంతూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు 1820లో క్వినైన్‌ను వేరుచేశారు. ఆర్టెమీసియా ఆనువా మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను తీసినందుకు తు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. ఇక్కడ ఒక వివరం దగ్గర ఆగాలి. మొక్కను వేడినీళ్లలో మరిగిస్తే ఆ పదార్థం చెడిపోయి మందు పనిచేయలేదు. దాదాపు 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో తీశాకే ఫలితం కనబడింది. మొక్క అదే, తీసే పద్ధతి మారింది. ‘ఈ మొక్క పనిచేస్తుందా’ అన్న ప్రశ్న ఎంత అసంపూర్ణమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణను జనం తరచూ తలకిందులుగా చెబుతారు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌కు ముడిసరుకు అనాసపువ్వు నుంచి తీసే షికిమిక్ ఆమ్లం. అందుకని అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ తగ్గదు. షికిమిక్ ఆమ్లం వైరస్ జోలికి పోదు. ఫ్యాక్టరీలో అనేక రసాయన చర్యలు దాటాకే అది మందు అవుతుంది. ఇటుక కొరికితే ఇల్లు కాదు కదా.

వైరస్‌ను ఎక్కడ దెబ్బ కొట్టవచ్చు

కోవిడ్ తెచ్చే వైరస్ దగ్గర దాదాపు 30 వేల అక్షరాల ఆర్ఎన్ఏ ఉంటుంది. దాని పైనున్న స్పైక్ ప్రొటీన్ మన కణం మీది ఏసీఈ2 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత లోపలికి దూరడానికి రెండు దారులున్నాయి. కణం ఉపరితలం మీది టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైము స్పైక్‌ను కత్తిరిస్తే అక్కడి నుంచే చొరబడుతుంది. లేదంటే కణం దాన్ని ఒక సంచిలా మింగాక, ఆ సంచి ఆమ్లంగా మారినప్పుడు వేరే ఎంజైము కత్తిరిస్తుంది. ఈ రెండు దారుల తేడా తర్వాత అక్కరకొస్తుంది, గుర్తుంచుకోండి.

లోపలికి వెళ్లాక వైరస్ ఆర్ఎన్ఏను మన కణమే చదివి పొడవాటి ప్రొటీన్ గొలుసులను తయారుచేస్తుంది. గొలుసుగా ఉన్నంతసేపు వాటితో ఉపయోగం లేదు, ముక్కలు కావాలి. పదకొండు చోట్ల కోసే కత్తెర పేరు మెయిన్ ప్రొటియేజ్, పొట్టిగా ఎం-ప్రో. ఈ కత్తెర పదునంతా 145వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో ఉంటుంది. మన ఒంట్లోని కత్తెరలు కోసే చోటు వేరు కాబట్టి ఎం-ప్రోను ఆపినా మనకు పెద్దగా నష్టం ఉండకూడదన్నది లెక్క. మొక్కల పదార్థాల మీద వచ్చిన పరిశోధనల్లో పెద్ద భాగం దీని చుట్టూనే తిరిగింది. దాని నిర్మాణం 2020 ఆరంభంలోనే అందరికీ అందుబాటులోకి రావడం ఒక కారణం. అది ఉంటే ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టవచ్చు.

కంప్యూటర్ ఇచ్చే మార్కుల విలువ ఎంత

ఆ పనిని డాకింగ్ అంటారు. ప్రొటీనులోని గుంటలో ఒక్కో అణువునూ తిప్పితిప్పి ఇరికించి, ఎంత గట్టిగా అతుక్కుంటుందో అంచనా వేసే ప్రోగ్రాం అది. జవాబు కిలోకేలరీల్లో, రుణ సంఖ్యగా వస్తుంది. అంకె ఎంత కిందికి పోతే పట్టు అంత గట్టిదన్నమాట.

ఒక పదార్థానికి −8.0 వచ్చిందనుకుందాం. గది ఉష్ణోగ్రత దగ్గర దీన్ని గాఢతలోకి మారిస్తే సుమారు 1.4 మైక్రోమోలార్. బాగానే ఉంది. అయితే ఈ ప్రోగ్రాముల అంచనాలో 2 కిలోకేలరీల తేడా రావడం మామూలే. ఈ లెక్క లాగరిథమ్ మీద నడుస్తుంది కాబట్టి 2 కిలోకేలరీలంటే దాదాపు 29 రెట్లు. అంటే అసలు విలువ 0.05 మైక్రోమోలార్ దగ్గర ఉండొచ్చు, 40 దగ్గరా ఉండొచ్చు. మొదటిది మంచి మందుకు ఆరంభం, రెండోది పక్కన పడేయాల్సిన సరుకు. −8.4 వచ్చిన పదార్థం −8.1 వచ్చినదాని కన్నా మెరుగని రాసే వ్యాసాలు ఈ తేడా ఎంత చిన్నదో పట్టించుకోవు.

ఇంకో వాలు కూడా ఉంది. అణువు పెద్దదై, చేతుల్లా హైడ్రాక్సిల్ గుంపులు ఎక్కువగా ఉంటే అంటుకునే చోట్లు ఎక్కువ, మార్కులూ ఎక్కువే. చక్కెర తగిలించుకున్న హెస్పెరిడిన్, రూటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఇలాంటి జాబితాల్లో తరచూ పైన కనబడటానికి ఇదొక కారణం. రెండింటి అణుభారం 610 దగ్గర. నోటిద్వారా ఇచ్చే మందుకు 500 దాటకపోతే మేలన్నది మందుల రసాయనవేత్తల మోటు కొలత. మార్కులు తెచ్చిపెట్టిన గుణాలే పేగు గోడ దగ్గర అడ్డం తిరుగుతాయి.

డాకింగ్ పనికిరానిదని కాదు. లక్ష అణువుల్లోంచి పరీక్షించదగ్గ వందను ఏరడానికి అది మంచి జల్లెడ. దాన్ని తక్కెడ అనుకోవడంతోనే పేచీ.

పరీక్షనాళికలో జరిగే మోసాలు

తర్వాతి మెట్టులో శుద్ధిచేసిన ఎంజైమును, పదార్థాన్ని నిజంగానే కలుపుతారు. ఎంజైము పని సగానికి తగ్గే గాఢతను ఐసీ50 అంటారు. ఇది ఎంత తక్కువైతే పదార్థం అంత శక్తిమంతం. కొలమానం మైక్రోమోలార్: పదార్థపు అణుభారమెంతో అన్ని గ్రాములు లీటరులో కరిగితే ఒక మోలార్, అందులో పదిలక్షో వంతు మైక్రోమోలార్. ఎం-ప్రో మీద బైకలీన్ ఐసీ50 0.94 మైక్రోమోలార్ అని తేలింది. రెండూ అతుక్కుని ఉన్న స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూశారు కూడా. మొక్కల పదార్థాల్లో ఇంత గట్టి సాక్ష్యం ఉన్నవి కొద్దే.

అన్నిటికీ ఆ అదృష్టం లేదు. షికోనిన్ కథ చూడండి. లిథోస్పెర్మమ్ వేరు నుంచి వచ్చే ఊదారంగు పదార్థమిది. 2020లో దీని ఐసీ50 15.75 మైక్రోమోలార్ అని ప్రకటించారు. అదే ఏడాది మరో బృందం, పరీక్ష ద్రావణంలో డీటీటీ అనే క్షయకరణ పదార్థం కలిపి మళ్లీ చూసింది. నిరోధం మాయమైంది. కారణం తేలికే. షికోనిన్‌లోని క్వినోన్ భాగానికి ఏ సిస్టీన్ కనబడినా అంటుకునే స్వభావం ఉంది. పరీక్షనాళికలో ఎం-ప్రో ఒక్కటే ఉంది కాబట్టి దానికి అంటుకుంది. మన కణాల్లో గ్లూటథయోన్ అనే సిస్టీన్ ఉన్న అణువు మిల్లీమోలార్ స్థాయిలో, అంటే వేలరెట్లు ఎక్కువగా కాపలా ఉంటుంది. పరీక్షనాళికలో డీటీటీ ఆ కాపలా పాత్రే పోషించింది.

మోసం చేసే దారులు ఇంకా ఉన్నాయి. నీళ్లలో సరిగా కరగని పదార్థాలు ముద్దలుకట్టి, ఎంజైమును ఆ ముద్దల్లో ఇరికించేస్తాయి. ద్రావణంలో 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటు వేస్తే ముద్ద విడిపోతుంది, దాంతోపాటు ‘నిరోధం’ కూడా పోతే అది మందు కాదని తెలిసిపోతుంది. ఈ పరీక్షలు చాలావరకు కాంతిని కొలుస్తాయి. పసుపులోని కుర్కుమిన్ లాంటి రంగు పదార్థాలు ఆ కాంతిని తామే మింగేస్తే ఎంజైము ఆగినట్టే కనబడుతుంది. గ్రీన్ టీలోని ఈజీసీజీ, కణాలను పెంచే ద్రావణంలో గాలి తగిలి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అక్కడ దెబ్బకొట్టింది ఈజీసీజీనో పెరాక్సైడో తెలియాలంటే, పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమును కలిపి మళ్లీ చూడాలి. ప్రతి పరీక్షలోనూ ‘పాస్’ అయిపోయే ఇలాంటి అణువుల్ని పెయిన్స్ అనే పేరుతో 2010 నుంచి ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు. ఒక పదార్థం క్యాన్సర్, మధుమేహం, మతిమరుపు, కరోనా అన్నిటి మీదా పనిచేసిందని చదివినప్పుడు మెచ్చుకోవడం కన్నా అనుమానించడం మేలు.

కణాల్లో ఆగింది సరే, ఏ కణాల్లో?

ఎంజైము దశ దాటాక వైరస్ సోకిన కణాలపై పరీక్షిస్తారు. వైరస్ పెరుగుదల సగానికి తగ్గే గాఢత ఈసీ50, కణాల్లో సగం చచ్చిపోయే గాఢత సీసీ50. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది ఎంపిక సూచీ. ఈసీ50 5, సీసీ50 20 అయితే సూచీ 4. ఇది చాలా తక్కువ, ఎందుకంటే వైరస్ తగ్గింది దాని మీద దెబ్బ పడ్డందుకా, అది బతికే కణమే నీరసించినందుకా అన్నది చెప్పలేం. ఈసీ50 0.5, సీసీ50 50 అయితే సూచీ 100, మాట్లాడుకోదగ్గది.

సూచీ బాగున్నా ఇంకో గొయ్యి ఉంది. ఇపికాక్ మొక్కలోని ఎమెటిన్ ఈ వైరస్ మీద ఒక మైక్రోమోలార్ లోపే పనిచేసింది. ఎలాగంటే అది మన కణంలో ప్రొటీన్ తయారుచేసే యంత్రాన్నే ఆపుతుంది. ఇంట్లో ఒక బల్బు ఆర్పడానికి మెయిన్ స్విచ్ తీసేసినట్టు. గుండెకు దాని విషప్రభావం పాతకాలం నుంచీ తెలిసిందే.

కణం రకం ఎంత ముఖ్యమో క్లోరోక్విన్ చూపించింది. ఇది మొక్క పదార్థం కాదు, క్వినైన్ వంశానికి చెందిన కృత్రిమ మందు. 2020 ఆరంభంలో వీరో ఈ6 కణాల్లో దీని ఈసీ50 1.13 మైక్రోమోలార్ అని వచ్చేసరికి ప్రపంచమంతా దాని వెంట, దాని తమ్ముడు హైడ్రాక్సీక్లోరోక్విన్ వెంట పడింది. వీరో కణాలు ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి. వాటిలో టీఎంపీఆర్ఎస్ఎస్2 దాదాపు ఉండదు. కాబట్టి వైరస్ సంచి దారిలోనే వెళ్లాలి. క్లోరోక్విన్ సరిగ్గా ఆ సంచిలో ఆమ్లతను తగ్గిస్తుంది. మనిషి ఊపిరితిత్తుల నుంచి వచ్చిన కాలు-3 కణాల్లో మొదటి దారి తెరిచే ఉంటుంది. అక్కడ క్లోరోక్విన్ వైరస్‌ను ఆపలేకపోయింది. కిటికీకి గడియ పెట్టి వాకిలి తీసి ఉంచినట్టైంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చిన ఆసుపత్రి రోగుల్లో 28 రోజుల్లో 27 శాతం, ఇవ్వనివారిలో 25 శాతం చనిపోయారు. మేలేమీ లేదు.

రక్తంలోకి చేరేది ఎంత: రెండు లెక్కలు

ఎక్కువ పదార్థాలు చతికిలబడేది ఇక్కడే. వార్తల్లో అన్నిటికన్నా తక్కువగా కనబడేదీ ఇదే.

మొదటి లెక్క కుర్కుమిన్‌ది. కణాల్లో దీని ఈసీ50 10 మైక్రోమోలార్ అనుకుందాం. అణుభారం 368 కాబట్టి లీటరుకు 3.7 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ల ఒంట్లో రక్తరసం సుమారు 3 లీటర్లు, కాబట్టి 11 మిల్లీగ్రాములు అందులో ఉంటే చాలు. చిటికెడు కన్నా తక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు అటువైపు నుంచి చూద్దాం. రోజుకు 8 గ్రాముల శుద్ధ కుర్కుమిన్ మింగినవారి రక్తంలో సగటు గరిష్ఠ స్థాయి 1.77 మైక్రోమోలార్ అని 2001లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. మింగింది 8,000 మిల్లీగ్రాములు, ఏ ఒక్క క్షణాన చూసినా రక్తరసంలో తేలింది సుమారు 2 మిల్లీగ్రాములు. పసుపులో కుర్కుమిన్ 3 శాతమనుకుంటే 8 గ్రాములకు పావుకిలో పైగా పసుపు కావాలి, రోజూ.

ఇంకా అయిపోలేదు. ఈసీ50 అంటే సగం ఆపడమే. మిగతా సగం వైరస్ మామూలుగా పెరుగుతూనే ఉంటుంది. 90 శాతం ఆపాలంటే సాధారణ సందర్భంలో దానికి 9 రెట్లు, అంటే 90 మైక్రోమోలార్ కావాలి. అదీ మందు వేసుకున్న గంటకు కాదు, తర్వాతి మోతాదు వేసుకునే ముందు కూడా ఉండాలి. పైగా రక్తంలో ఉన్నదాంట్లో చాలాభాగం ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది. వైరస్ మీద పనిచేసేది విడిగా తిరిగే కొద్దిపాటి భాగమే.

రెండో లెక్క అతిమధురానిది. అందులోని గ్లైసిరైజిన్ మొదటి సార్స్ వైరస్‌ను కణాల్లో ఆపుతుందని 2003లో జర్మన్ పరిశోధకులు లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. నాటి నుంచి నేటి వరకు ఎన్నో వ్యాసాల మొదటి పేరాలో ఈ మాట కనబడుతుంది. దాని ఈసీ50 మాత్రం కనబడదు: లీటరుకు 300 మిల్లీగ్రాములు. మూడు లీటర్ల రక్తరసానికి 900 మిల్లీగ్రాములు. యూరప్‌లో గ్లైసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని నిపుణుల సంఘం చెప్పింది. ఎందుకంటే ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం పడిపోయి, రక్తపోటు పెరుగుతుంది. అంటే రక్తరసాన్ని ఒక్కసారి నింపడానికే తొమ్మిది రోజుల హద్దు ఖర్చవుతుంది. ఇంత చేసినా, నోటితో మింగిన గ్లైసిరైజిన్ ఆ రూపంలో రక్తంలోకి చేరదు. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని ముందే విరగ్గొట్టి వేరే పదార్థంగా మార్చేస్తుంది.

మనం మొదట చెప్పుకున్న బైకలీన్‌దీ ఇలాంటి గతే. పేగు గోడ, కాలేయం దానికి గ్లూకురానిక్ ఆమ్లం తగిలించి, బైకలిన్‌గా మార్చి బయటికి పంపే ప్రయత్నంలో ఉంటాయి. బైకలిన్‌కూ ఎం-ప్రోను ఆపే గుణం ఉంది కానీ ఐసీ50 6.41. దాదాపు ఏడో వంతు శక్తి.

పోలికకు ఎం-ప్రో కోసమే ప్రయోగశాలలో తయారుచేసిన నిర్మాట్రెల్విర్‌ను తీసుకోండి. కణాల్లో ఈసీ50 సుమారు 0.07 మైక్రోమోలార్. 300 మిల్లీగ్రాముల మోతాదు తర్వాత రక్తంలో గరిష్ఠ స్థాయి 4 మైక్రోమోలార్ పైనే. అవసరం కన్నా దాదాపు అరవై రెట్లు. కుర్కుమిన్‌లో ఇదే నిష్పత్తి ఒకటిలో ఐదో వంతు. కృత్రిమమా సహజమా అన్నది ఇక్కడ పట్టింపే కాదు, లెక్కకు వచ్చేది ఈ నిష్పత్తే.

మింగకుండా అక్కడే పూస్తే?

గాఢత చేరకపోవడమే ఇబ్బంది అయితే, చేరాల్సిన చోట నేరుగా పెట్టొచ్చు కదా? ఈ ఆలోచనకు దన్ను ఉంది. గ్రీన్ టీ నుంచి తీసిన కాటెకిన్ల మిశ్రమంతో చేసిన 15 శాతం లేపనాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2006లో ఆమోదించింది. హెచ్‌పీవీ వైరస్ వల్ల జననాంగాల మీద వచ్చే పులిపిర్లకు వాడే మందు అది. రక్తంలోకి సరిగా చేరని పదార్థమే చర్మం మీద 15 శాతం గాఢతలో ఉంటే పనిచేసింది. అదే ఈజీసీజీని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది.

కరోనావైరస్ మొదట దిగేది ముక్కులో. ఎర్ర రంగు సముద్రపు నాచు నుంచి తీసే అయోటా-కారగీనాన్ స్ప్రేను అర్జెంటీనాలో 394 మంది ఆరోగ్య సిబ్బందిపై పరీక్షించారు. స్ప్రే వాడిన 196 మందిలో ఇద్దరికి, ప్లాసిబో (మందు లేని ఉత్త స్ప్రే) వాడిన 198 మందిలో పదిమందికి కోవిడ్ వచ్చింది. ఆశ పెట్టే తేడానే, కాకపోతే మొత్తం పన్నెండు కేసుల మీద నిలబడింది. నాలుగైదు కేసులు అటూఇటూ అయితే బొమ్మ మారిపోతుంది. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిన తర్వాత ముక్కులో పిచికారీకి ఏం పని ఉంటుందన్నది మరో ప్రశ్న.

‘ఒక్క అణువును వేరుచేసి చూడటమే తప్పు’ అన్న వాదన

మూలికా వైద్యం వైపు నుంచి రెండు గట్టి వాదనలు ఉన్నాయి. మొదటిది, మొక్క సారంలో డజన్ల కొద్దీ పదార్థాలు కలిసి పనిచేస్తాయి, ఒక్కదాన్ని బయటికి లాగి బలహీనంగా ఉందనడం అన్యాయం. ఈ వాదనలో పస ఉంది, దాన్ని పరీక్షించే మార్గమూ ఉంది. ‘క’ అనే పదార్థం ఈసీ50 10, ‘ఖ’ది 20 అనుకుందాం. రెండూ కేవలం కూడుకుంటే 5 క, 10 ఖ కలిపినప్పుడు వైరస్ సగం తగ్గాలి. 2 క, 4 ఖతోనే సగం తగ్గితే కలయిక సూచీ 0.2 + 0.2 = 0.4. ఒకటికి బాగా తక్కువ కాబట్టి అది నిజమైన తోడ్పాటు. సూచీ ఒకటి దగ్గరే ఉంటే తోడ్పాటేమీ లేదు, ఉత్త కూడికే. ఇలాంటి కొలతలు చూపించకుండానే ‘సినర్జీ’ అన్న మాట వాడేసే వ్యాసాలు ఎక్కువ. దీనికి తోడు సారాన్నే మందు అన్నప్పుడు ఈ విడత, వచ్చే విడత ఒకటే అని చూపించాలి. నేల, కాలం, ఆకు వయసు, ఆరబెట్టే తీరు మారితే పదార్థాల పాళ్లు మారతాయి.

రెండో వాదన, ఇవి వైరస్ మీద కాకపోయినా ఒంటి స్పందన మీద పనిచేస్తాయని. ఇదీ కొట్టిపారేసేది కాదు. స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్ వైరస్‌ను ముట్టుకోకుండానే, వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడో వంతు తగ్గించింది. ఇదే ఆశతో మొక్క పదార్థం కోల్చిసిన్‌ను పెద్ద పరీక్షకు పెట్టారు. కోల్చికమ్ మొక్కలో దొరికే ఈ పదార్థం గౌట్ వాపుకు ఎంతోకాలంగా వాడుకలో ఉంది, మోతాదు తెలుసు, రక్తంలోకి చేరుతుంది. రికవరీ ట్రయల్‌లో 11,340 మంది. ఇచ్చినవారిలో 21 శాతం, ఇవ్వనివారిలో 21 శాతం మరణించారు. మొక్క పదార్థాలకు అవకాశమే ఇవ్వలేదనేవారు ఈ అంకెను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ ఈ రెండు వాదనల నడుమ నిలబడి ఉంది. కాలు-3 కణాల్లో దాని గాఢత 0.034 మైక్రోమోలార్ చాలని థాయ్ పరిశోధకులు చూపించారు. అంటే లీటరుకు 12 మైక్రోగ్రాములు, ఈ వ్యాసంలోని మిగతా మొక్క పదార్థాలతో పోలిస్తే ఎంతో తక్కువ. కణం రకం కూడా సరైనదే. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2020 డిసెంబరులో, స్వల్ప లక్షణాలున్నవారికి రోజుకు 180 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ఇచ్చే ప్రయోగానికి అనుమతించింది. ఆ తర్వాత ఫావిపిరావిర్ అనే వైరస్ మందుతో పాటు దీన్నీ ఇచ్చి చూసిన డబుల్-బ్లైండ్ ట్రయల్‌లో (ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియనిది) అదనపు మేలు కనబడలేదు. కణాల్లో ఇంత బాగున్నది కూడా రోగి దగ్గరకు వచ్చేసరికి తేలిపోవచ్చు.

ఇరవై మందితో చేసిన ట్రయల్ ఏం చెబుతుంది

స్వల్ప కోవిడ్ చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఇదే చిన్న ట్రయళ్లను పక్కదారి పట్టిస్తుంది. మందు లేకుండానే వారంలో 80 శాతం మంది కోలుకుంటారనుకుందాం. ఇరవైమందికి ఉత్త గోలీ ఇచ్చి, మరో ఇరవైమందికీ అదే ఉత్త గోలీ ఇచ్చి పోల్చినా, రెండు గుంపుల మధ్య నలుగురో అంతకన్నా ఎక్కువమందో తేడా రావడం దాదాపు ఆరుసార్లలో ఒకసారి జరుగుతుంది. 18 మంది ఒకవైపు, 14 మంది ఇంకోవైపు వస్తే ‘90 శాతం కోలుకున్నారు, మందు లేనివారిలో 70 శాతమే’ అని శీర్షిక తయారవుతుంది. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలిసిపోయిన ట్రయలైతే, ‘ఇప్పుడెలా ఉంది’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు కూడా కొంత వంగుతుంది. క్వెర్సెటిన్ అనే మొక్క పదార్థం మీద వచ్చిన అనుకూల ఫలితాల్లో కొన్ని ఇలాంటి చిన్న, బాహాటపు ట్రయళ్ల నుంచే వచ్చాయి.

మిరియం చేసేది, రిటోనావిర్ చేసేది ఒకే పని

ఒంటి వడపోతను దాటించే ఎత్తుగడ మొక్కల్లోనూ ఉంది. 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే మనుషుల్లో కుర్కుమిన్ లభ్యత ఇరవై రెట్ల మేర పెరిగిందని 1998లో అచ్చయింది. పైపెరిన్ అంటే మిరియాల ఘాటు. కుర్కుమిన్‌ను విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములకు అది అడ్డుపడుతుంది. నిర్మాట్రెల్విర్‌తో కలిపి రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు ఇచ్చే 100 మిల్లీగ్రాముల రిటోనావిర్ కూడా ఇదే చేస్తుంది. వైరస్‌తో దానికి పనిలేదు. కాలేయంలో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును అడ్డగించి అసలు మందును ఎక్కువసేపు నిలుపుతుంది.

ఈ ఎత్తుగడకు ఖరీదు ఉంది. అదే ఎంజైము కొన్ని కొలెస్టరాల్ మందులు, అవయవమార్పిడి మందులు, గుండె లయ మందులు లాంటి ఎన్నింటినో విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే అవన్నీ రక్తంలో పేరుకుంటాయి. రిటోనావిర్ విషయంలో ఆ జాబితా పొడవుగా మందుల పత్రం మీద అచ్చువేసి ఉంటుంది. మూలికా గుళికల డబ్బా మీద అలాంటి జాబితా ఉండటం అరుదు.

ఆ రిటోనావిర్ పత్రంలోనే, కలిపి వాడకూడనివాటిలో, ఒక మూలిక పేరు ఉంది: దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్. అందులోని హైపర్‌ఫోరిన్ సీవైపీ3ఏ4ను ఆపదు, ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది. దాంతో నిర్మాట్రెల్విర్ రక్తంలో నిలవదు, వైరస్ పైచేయి సాధించే అవకాశం వస్తుంది. మూలిక మానేశాక కూడా ఆ ప్రభావం రెండు వారాల వరకు ఉండొచ్చు. మింగిన మోతాదులోనే రక్తంలోకి చేరి, చేరిన గాఢతలోనే ఖచ్చితంగా పనిచేసే మొక్క పదార్థం అది. పనిచేసేది మాత్రం వైరస్ తరఫున.